గులాబీ కుండీలో ఇంకో మొక్క పెరుగుతోంది

ప్రశ్న: హైదరాబాద్‌లో మా డాబా మీద ఎనిమిది గులాబీ కుండీలున్నాయి. జనవరిలో రాజమండ్రి వెళ్లినప్పుడు కడియం నర్సరీలో కొన్న అంటు మొక్కలు. వాటితో వచ్చిన మట్టి ఉండను కదపకుండా, పదంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి నాటాను. మార్చి దాకా అరచేయంత పూలు పూశాయి. వానలు పడ్డాక మూడు మొక్కలకు మొదట్లోంచి ఐదారడుగుల కొమ్మలు లేచాయి కానీ ఒక్క మొగ్గా లేదు. మిగతావాటికి ఆకుల మీద నల్ల మచ్చలు, పసుపెక్కి రాలిపోతున్నాయి. రెండింటికి కొమ్మలు చివర్నుంచి నల్లబడి ఎండుతున్నాయి. వారానికో చెంచా డీఏపీ వేస్తున్నాను. టీ పిప్పి, ఉల్లిపొట్టు నీళ్లు, అరటి తొక్కలు కూడా వేస్తున్నాను. నీళ్లు వృథా చేయడం ఇష్టం లేక ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లే రెండు పూటలా పోస్తున్నాను. పొడవు కొమ్మలు బలంగా ఉన్నాయి, కొయ్యొద్దు, వాటిని నరికి నాటుకుందాం, నాకూ రెండివ్వండి అంటోంది పక్కింటావిడ. అక్టోబరులో కత్తిరించాలని విన్నాను. ఎంత కొయ్యాలి? మట్టి మార్చాలా? ఏ మందు కొట్టాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ డీఏపీ డబ్బా మూతపెట్టి లోపల పెట్టేయండి. మీరు రాసిన వాటిలో ఎరువు తక్కువై వచ్చిన సమస్య ఒక్కటీ లేదు. అది ఎక్కువైతే కొత్త సమస్యలే వస్తాయి. మందుల సంగతి తర్వాత. ముందు కుండీ దగ్గర గొంతుక్కూర్చుని, ప్రతి మొక్క మొదలూ చూడండి.

అంటు గులాబీ అంటే ఒక కుండీలో రెండు మొక్కలు. కింద వేళ్లు ఒక జాతివి, పైన పూలు ఇంకో జాతివి. మన దేశంలో అడుగు మొక్కగా ఎక్కువగా వాడేవి రోజా మల్టిఫ్లోరా, రోజా ఇండికా ఒడొరాటా. ఇవి మొండి జాతులు, తేలిగ్గా వేళ్లు తన్నుకుంటాయి. ఆ కాండానికి చిన్న గాటు పెట్టి, పెద్ద పూల రకం కన్ను, అంటే కొమ్మ మీద చిగురు పుట్టే చోటు, ఒకటి అందులో కూర్చి కడతారు. ఆ కన్ను చిగురించాక పైనున్న అడుగు మొక్క తల కోసేస్తారు. మట్టికి కాస్త పైన, కణుపు వాచినట్టు, ఒక పక్కకు వంగి బొడిపెలా కనిపించేదే ఆ అంటు ముడి. మీరు కొన్న పువ్వు రకం ఆ ముడి పైనుంచే మొదలవుతుంది. కింద నుంచి ఏది వచ్చినా అది మీ గులాబీ కాదు.

మీ ఐదడుగుల కొమ్మలు చాలావరకు ఇవే. 'చాలావరకు' అనడానికి కారణముంది. ముడి పైనుంచి కూడా వానాకాలంలో బొటనవేలంత లావున, రాగి రంగు చిగుళ్లతో కొత్త కొమ్మ సర్రున లేస్తుంది. అది మొక్కకు వచ్చే ఏడాది వెన్నెముక, దాన్ని కోశారంటే మీ చేతులారా మంచి కొమ్మను పారేసినట్టే. రెండింటికీ తేడా తెలియాలంటే మట్టిని వేలితో తవ్వి, కొమ్మ ఎక్కణ్నుంచి పుట్టిందో చూడాలి. ఆకుకు ఐదు రెక్కలుంటే మంచిది, ఏడుంటే చెడ్డది అనే లెక్క ఊళ్లో బాగా ప్రచారంలో ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. మంచి రకాలు కొన్నింటికీ బలమైన కొమ్మ మీద ఏడు రెక్కలొస్తాయి. అంతకన్నా గట్టి గుర్తు ఆకు కాడ మొదట్లో ఉంది. కాడ కొమ్మకు అతుక్కున్న చోట రెండు పక్కలా సన్నటి పచ్చని రెక్కలుంటాయి. మల్టిఫ్లోరాలో వాటి అంచు దువ్వెన పళ్లలా చీలి, నూగు నూగుగా ఉంటుంది. పెద్ద పూల రకాల్లో ఆ అంచు దాదాపు నున్నగా ఉంటుంది. ఒక్కసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మర్చిపోరు.

ముడి కింద నుంచి లేచే ఈ కొమ్మనే పిలక అంటారు. దాన్ని కత్తెరతో మట్టి దగ్గర కోస్తే లాభం లేదు. లోపల మిగిలిన మొదలు మీదున్న కళ్ల నుంచి ఒకటికి మూడు లేస్తాయి. అది పుట్టిన చోటు బయటపడేదాకా మట్టి తీసి, చేతికి దళసరి గుడ్డ చుట్టుకుని, పిలకను కిందికి వంచి ఒక్క లాగు లాగండి. మొదట్లో ఉన్న గడ్డతో సహా ఊడిరావాలి. మీవి ఐదడుగులయ్యాయి కాబట్టి లాగితే అసలు కాండం బెరడూ చీలే ప్రమాదముంది. వాటిని పదునైన కత్తితో కాండానికి ఆనించి, మొదటి గడ్డ కూడా వచ్చేలా చెక్కండి. గాయానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు పొడిని నీళ్లతో చిక్కటి పేస్టులా కలిపి రాయండి. ఇక నుంచి పదిహేను రోజులకోసారి కుండీ మొదలు తడిమి చూస్తే పిలక వేలెడంత ఉన్నప్పుడే దొరుకుతుంది, రెండు వేళ్లతో తుంచేయొచ్చు.

ఆ మూడు మొక్కల్లో ముడి పైభాగం ఇంకా పచ్చగా ఉందా? గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి. కింద పచ్చగా కనిపిస్తే మొక్క బతికే ఉంది, పిలక పోతే నెల తిరక్కుండా కోలుకుంటుంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే మీ గులాబీ ఎప్పుడో పోయింది, మీరు నీళ్లు పోస్తున్నది అడుగు మొక్కకే. కన్ను అంటు కట్టడం తెలిసినవాళ్లుంటే చలికాలంలో దాని మీద కొత్త కన్ను కట్టించుకోవచ్చు. లేదంటే కుండీ ఖాళీ చేసుకోవడమే మంచిది.

అసలు పైభాగం నీరసించి, కింది మొక్క అంతగా రెచ్చిపోవడానికి కారణం కుండీలోనే ఉంది. అది ఆ మట్టి ఉండ. నర్సరీలో మొక్క దూరాలు ప్రయాణించాలి కాబట్టి వేళ్ల చుట్టూ జిగట మట్టిని ముద్దలా పట్టించి పంపుతారు. లారీలో రెండు రోజులు మొక్క వాడిపోకుండా ఉండడానికి అది చక్కటి ఏర్పాటు. కానీ అదే ఉండను గుల్లగా ఉన్న కోకోపీట్ మధ్యలో పెడితే, పోసిన నీళ్లు గుల్ల మట్టిలోంచి జారిపోయి కింద రంధ్రంలోంచి వచ్చేస్తాయి. ఎండాకాలంలో ఆ ఉండ లోపల ఇటుకలా ఎండుతుంది. వానాకాలంలో ఒకసారి తడిస్తే వారం దాకా ఆరదు, వేళ్లకు గాలాడదు. మీ మొక్కలు మార్చి దాకా పూసింది నర్సరీలో దాచుకున్న బలంతో. ఆ తర్వాత వేళ్లు ఉండ దాటి బయటికి రాలేదు. కావాలంటే ఎండిపోతున్న రెండు మొక్కల్లో ఒకదాన్ని కుండీలోంచి తీసి చూడండి. ఉండ నర్సరీ నుంచి వచ్చినప్పటి ఆకారంలోనే ఉంటే, విషయం అదే.

కాబట్టి మట్టి మార్చాల్సిందే. కానీ ఈ వారం కాదు. హైదరాబాద్‌లో వానలు తెరిపిచ్చాక, అక్టోబరు రెండో వారం ప్రాంతంలో కొమ్మల కత్తిరింపు, కుండీ మార్పు ఒకేరోజు చేయండి. పైన ఆకు భారం తగ్గితే, కదిలిన వేళ్లు దాన్ని మోయగలవు. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు వైపు ఉన్నవాళ్లు ఇదే పని ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గేదాకా ఆపుకోవాలి. కోసిన గాయం మీద వరసగా వాన కురిస్తే కొమ్మ కిందికంటా ఎండుతుంది.

కుండీ పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు, పద్నాలుగైతే మేలు. పద్నాలుగు అంగుళాల కుండీ తడిసినప్పుడు ముప్పై కిలోల దాకా తూగుతుంది. డాబా మధ్యలో గుంపుగా కాకుండా, కింద దూలాలున్న గోడల వెంబడి పెట్టండి. పన్నెండు అంగుళాల కుండీకి సుమారు పదిహేను లీటర్ల మట్టి పడుతుంది. లీటరు మగ్గుతో కొలిస్తే ఎర్ర చెల్క మట్టి ఆరు మగ్గులు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ ఐదు, కడిగిన దొడ్డు ఇసుక మూడు, కోకోపీట్ ఒకటి. ఇందులో వేపపిండి వంద గ్రాములు, ఎముకల పొడి యాభై గ్రాములు కలిపి, నీళ్లు చిలకరించి వారం పాటు గోనెపట్టా కింద ఉంచండి. ఇసుక పేరుతో దొరికే రాతిపొడి వద్దు. దాన్లోని సన్నటి దుమ్ము తడిసి గట్టిపడితే మళ్లీ మట్టి ఉండ కథే మొదలవుతుంది. పశువుల ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, వానకు తడిసిన నేల వాసన రావాలి. పచ్చి ఎరువు వేడికి వేళ్లు మాడతాయి, చెదలూ పడుతుంది.

మొక్కను తీశాక ఉండను గోరువెచ్చని నీళ్ల బకెట్లో గంట, గంటన్నర నానబెట్టండి. గట్టిగా విదిలించకండి. నీళ్లలోనే మొక్క వేళ్ల మధ్యకు చేతి వేళ్లు పోనిచ్చి మెల్లగా కదిపితే జిగట మట్టి కరిగి దిగిపోతుంది. మూడొంతుల్లో రెండొంతులు పోతే చాలు, పూర్తిగా కడగాలని పంతం పట్టొద్దు, సన్న వేళ్లు తెగుతాయి. నల్లగా మెత్తబడి, లాగితే తొక్క ఊడొచ్చే వేళ్లు కుళ్లినవి, వాటిని కోసేయండి. కుండీ అడుగున రంధ్రాల మీద పెంకు ముక్కలు బోర్లించి, సగం మట్టి పోసి, వేళ్లు గొడుగులా పరచి నాటండి. అంటు ముడి మట్టికి రెండంగుళాల పైన ఉండాలి. మంచు కురిసే దేశాల్లో ముడిని మట్టిలో పూడుస్తారు. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లు అలా చేస్తే సరైనదే గానీ, ఇక్కడ పూడిస్తే ముడి కుళ్లడానికీ, కింది పిలకలు కనబడకుండా పెరగడానికీ దారిచ్చినట్టు. పైన రెండంగుళాల జాగా వదలండి, నీళ్లు నిలిచి ఇంకడానికి. వారం, పది రోజులు నేరుగా ఎండ పడని చోట ఉంచి తర్వాత మెల్లగా ఎండలోకి జరపండి. ఎనిమిదింటినీ ఒకేరోజు చేయకండి. నాలుగు చేసి, చిగుళ్లు వచ్చాక మిగతావి చేస్తే మీ చెయ్యి కూడా తిరుగుతుంది.

ఇక నీళ్లు. వృథా చేయకూడదన్న మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆర్వో యంత్రం చేసే పని నీళ్లలోని ఉప్పును వేరు చేసి, ఆ ఉప్పంతా కలిసిన నీళ్లను బయటికి పంపడం. మీరు మొక్కలకు పోస్తున్నది ఆ నీళ్లు. బోరు నీళ్లే హైదరాబాద్‌లో చాలాచోట్ల కఠినంగా ఉంటాయి, ఇవి దాని కన్నా ఘాటు. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొరలా పేరుకుందా? ముదురాకుల అంచులు మాడినట్టు గోధుమ రంగుకు తిరిగాయా? అది ఉప్పే. ఆ నీళ్లు బాత్రూం కడగడానికి, మాపు పెట్టడానికి వాడుకోండి. గులాబీకి మున్సిపల్ నీళ్లు పోయండి, వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది. ఇప్పటికే పేరుకున్న ఉప్పు పోవడానికి, కుండీ మార్చేలోపు ఒక ఎండ రోజు పొద్దున పైనున్న తెల్ల పొర గీకేసి, ఒక్కో కుండీకి పాతిక లీటర్ల మంచి నీళ్లు గంట వ్యవధిలో ఆగి ఆగి పోయండి. కింద నుంచి ధారగా పోవాలి. కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయండి, లేకపోతే కడిగిన ఉప్పే మళ్లీ పైకెక్కుతుంది.

రోజూ రెండు పూటలా అనే నియమం కూడా వదిలేయండి. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో రోజూ అవసరమవుతుంది, చలికాలంలో రెండు మూడు రోజులకోసారి సరిపోతుంది. ఎప్పుడు పోసినా పొద్దున్నే, మొదట్లోనే. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రంతా తడిగానే ఉంటాయి. మీ నల్ల మచ్చలకు పునాది అదే.

ఆ మచ్చ గురించి. గుండ్రంగా, నల్లగా, అంచు సాఫీగా కాక ఇంకు చిమ్మినట్టు ఉండి, చుట్టూ ఆకు పసుపెక్కి, ముట్టుకుంటే రాలిపోతే అది నల్లమచ్చ తెగులు. ఈ శిలీంధ్రం బీజం మొలకెత్తాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉండాలి. అందుకే వానాకాలంలో విజృంభిస్తుంది, ఎండాకాలంలో కనిపించదు. మచ్చలున్న ఆకులు కోసి, రాలినవి ఏరి చెత్తలో వేయండి. కుండీలోనే వదిలితే తర్వాతి వానకు అక్కణ్నుంచే పైకి చిమ్ముతుంది. కంపోస్టులో కూడా వేయొద్దు. తర్వాత లీటరు నీటికి మాంకోజెబ్ రెండున్నర గ్రాములు కలిపి, ఆకు కింది వైపు తడిసేలా కొట్టండి. పది రోజులకు క్లోరోథలోనిల్ రెండు గ్రాములు. మళ్లీ పది రోజులకు మాంకోజెబ్. మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తాకుకు మచ్చ రాకుండా ఆపడమే మందు చేసే పని. మందు కొట్టాక మూడో రోజు చూసి పనిచేయలేదని మోతాదు పెంచకండి. చేతికి గ్లౌజు, మూతికి మాస్కు మర్చిపోవద్దు. మందు కొట్టిన మొక్క రేకులు గుల్కంద్‌కీ వంటకీ వాడకండి.

పసుపెక్కడంలోనూ తేడాలున్నాయి. మచ్చలు లేకుండా లేత చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా మిగిలితే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉంటుంది గానీ కఠిన నీళ్ల వల్ల మట్టి క్షారమైతే వేళ్లకు అందదు. మీ డీఏపీలోని భాస్వరం మితిమీరితే ఇంకా అందదు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) మూడు గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము లీటరు నీళ్లలో కరిగించి, వెంటనే, ఎండ లేనప్పుడు ఆకుల మీద పిచికారీ చేయండి. వారం వ్యవధిలో రెండు మూడు సార్లు. నిలవ ఉంచితే తుప్పు రంగుకు తిరుగుతుంది, అప్పుడది పనికిరాదు. డాబా గచ్చు మీద పడితే మరక పోదు, కింద పాత గోనె పరుచుకోండి. ముదురాకులు పసుపెక్కి రాలుతుంటే మాత్రం వేళ్లు నీళ్లలో నానుతున్నాయేమో ముందు చూసుకోవాలి.

చివర్నుంచి నల్లబడుతున్న రెండు మొక్కలకు అక్టోబరు దాకా ఆగొద్దు. ఇది కొమ్మ ఎండు తెగులు. కోసిన మొన దగ్గరో, వాడిన పువ్వు కాడ దగ్గరో మొదలై కిందికి దిగుతూ, ముడి దాకా వస్తే మొక్కనే తీసుకుపోతుంది. నల్లబడిన చోటుకు రెండంగుళాల కింద కోసి, కోత మధ్యలో చూడండి. లోపలి బెండు తెల్లగా ఉంటే సరే. గోధుమ రంగు చుక్క కనిపించినా ఇంకో అంగుళం కిందికి వెళ్లండి. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తోనో డెట్టాల్‌తోనో తుడవండి, లేకపోతే తెగులును మీరే మొక్క నుంచి మొక్కకు మోస్తారు. మొనకు ఇందాకటి కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టు, మొక్కంతటికీ అదే పొడి లీటరుకు మూడు గ్రాములు కలిపి పిచికారీ.

అక్టోబరు కత్తిరింపులో జనం రెండు రకాలుగా పొరబడతారు. కొందరు మనసొప్పక చివర్లు మాత్రం గిల్లుతారు. కొందరు వీడియోలు చూసి జానెడు మోడు మిగిల్చేస్తారు. మీ మొక్కలకు ఏడాది కూడా నిండలేదు, పైగా నీరసించాయి కాబట్టి మూడో వంతు తగ్గిస్తే చాలు. ఎండిన కొమ్మలు, పెన్సిల్ కన్నా సన్నవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి ముందు తీసేయండి. మిగిలిన మూడు నాలుగు గట్టి కొమ్మలను అడుగు నుంచి అడుగున్నర ఎత్తుకు కోయండి. ప్రతి కోతా బయటి వైపు చూసే కన్నుకు పావంగుళం పైన, కన్నుకు ఎదురు దిక్కుకు ఏటవాలుగా ఉండాలి. బాగా పైన కోస్తే మిగిలిన ముక్క ఎండి తెగులుకు దారిస్తుంది. కన్నుకు ఆనించి కోస్తే కన్నే ఎండుతుంది. నేలలో పెంచే గులాబీలకు కత్తిరింపు ముందు వేళ్లను ఎండకు ఆరబెట్టే పాత పద్ధతి ఒకటుంది, కుండీ మొక్కల జోలికి దాన్ని తేకండి.

కోసిన పది పన్నెండు రోజులకు ఎర్రటి చిగుళ్లు కనిపిస్తాయి, నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పూలు. అంటే అక్టోబరు రెండో వారంలో కోస్తే నవంబరు చివర, డిసెంబరు మొదట్లో మొదటి విడత. ఆ తర్వాత వాడిన ప్రతి పువ్వునూ కాడతో సహా, పైనుంచి చూస్తే మొదట కనిపించే ఐదు రెక్కల ఆకు పైన కోయండి. పువ్వు ఒక్కటే తుంచితే కింద మూడు రెక్కల ఆకు దగ్గర నుంచి సన్నటి బలహీనమైన కొమ్మ వస్తుంది. ఇంట్లో పూజకు కావాలని పువ్వు తల మాత్రం తెంచే అలవాటుంటే, సాయంత్రం కత్తెర పట్టుకుని ఆ మిగిలిన కాడ సరిచేయండి, అంతే. సంక్రాంతికి కుండీ నిండా పూలు కావాలనుకుంటే ఒకటి రెండు మొక్కల్ని నవంబరు ఇరవై ప్రాంతంలో మొగ్గలతో సహా తేలిగ్గా కోసి వదలండి. చలికి రోజులు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఎరువు చిగుళ్లు అంగుళం పెరిగాకే మొదలుపెట్టాలి. నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్ట్ పై మట్టి గీకి కలపండి. పదిహేను రోజులకోసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు పొడి లీటరుకు రెండు గ్రాములు కలిపి కుండీకి అర లీటరు, అదీ తడి మట్టికే. లేదా ఆవ చెక్క వంద గ్రాములు లీటరు నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టి, ఆ తేట ఒకటికి పది వంతుల నీళ్లు కలిపి పోయొచ్చు. వాసనకు ఇరుగుపొరుగు గొడవకొస్తారు, పొద్దున్నే కానివ్వండి. ఏప్రిల్ నుంచి జూన్ వానల దాకా రసాయన ఎరువులు వద్దు. ఆ ఎండలకు మధ్యాహ్నం యాభై శాతం షేడ్‌నెట్, కుండీ కింద రెండు ఇటుకలు ఉంటే చాలు. వేడెక్కిన గచ్చు మీద నేరుగా పెట్టిన ప్లాస్టిక్ కుండీలో వేళ్లు ఉడుకుతాయి. చలికాలంలో మాత్రం రోజుకు ఆరు గంటల ఎండ తగ్గకూడదు.

టీ పిప్పి పాలు, చక్కెరతో ఉంటే చీమలకూ బూజుకూ విందు. కడిగి ఆరబెట్టి కంపోస్టులో వేయండి. అరటి తొక్కలూ అంతే, కుళ్లాక పనికొస్తాయి, పచ్చివి మట్టిలో పెడితే ఈగలొస్తాయి. ఉల్లిపొట్టు నీళ్లతో నష్టం లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు.

మీరు అడగకపోయినా, డిసెంబరు నుంచి ఎదురయ్యేవి మూడున్నాయి. చిగుళ్ల మీద పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు రెండున్నర గ్రాములు, ఎండ ముదిరాక కొట్టకూడదు, ఆకు మాడుతుంది. మొగ్గ విచ్చకుండా రేకుల అంచులు గోధుమ రంగైతే ఆ మొగ్గను తెల్ల కాగితం మీద తట్టండి. మిల్లీమీటరంత సన్నటి పసుపు, గోధుమ గీతలు పరుగెడితే తామర పురుగులు. అలాంటి మొగ్గలు కోసి కవర్లో కట్టి పారేసి, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె వారానికోసారి కొట్టండి. నూనెను ముందు నాలుగు చుక్కల ద్రవ సబ్బుతో పాలలా అయ్యేదాకా కలిపి తర్వాత నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి ఒకే ఆకు మీద పడుతుంది. తగ్గకపోతే స్పైనోసాడ్ 45 శాతం మందు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, సూది లేని సిరంజితో కొలిచి, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట. అప్పుడైనా ఆకు చీకటి పడేలోపు ఆరిపోయేలా చూసుకోండి. మూడోది మార్చిలో వచ్చే ఎర్రనల్లి. ఆకు పైన పసుపు చుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు లాంటి దారాలు. దానికి వరుసగా నాలుగు రోజులు పొద్దున పైపుతో ఆకు అడుగున జోరుగా నీళ్లు కొట్టడమే సగం వైద్యం. గంధకానికీ వేపనూనెకూ మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఉంచండి. రెండూ కలిస్తే ఆకులు కాలినట్టవుతాయి, అది కొత్త తెగులనుకుని ఇంకో మందు కొంటారు.

పక్కింటావిడకు ఆ పొడవు కొమ్మలు ఇవ్వకండి. తేలిగ్గా వేళ్లు తన్నుకుంటాయి, నాలుగు నెలల్లో గోడెక్కుతాయి, మీరు కొన్న రకం పువ్వు మాత్రం రాదు, ఆవిడ మిమ్మల్నే అనుకుంటుంది. ఆవిడకు పూసే కొమ్మే ఇవ్వాలనుంటే అక్టోబరు కోతలో ముడి పైనుంచి వచ్చిన పెన్సిల్ లావు కొమ్మలు, తెగులు లేనివి ఏరి, నాలుగైదు కళ్లుండేలా జానెడు ముక్కలు చేసి, సగం దాకా తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టమనండి. పెద్ద పూల రకాలు కొమ్మ నుంచి అంత సులువుగా వేళ్లు తన్నవు కాబట్టి పది ముక్కలు పెడితే రెండు మూడు బతకొచ్చు. పన్నీరు గులాబీ కొమ్మ ఎక్కడైనా దొరికితే ఆవిడకు అదే నయం. అంటు అక్కర్లేదు, సొంత వేళ్ల మీదే పెరుగుతుంది, కింద నుంచి ఏ కొమ్మ లేచినా దానికీ అదే పువ్వు.